ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిన సైనికుడి తలుపు తట్టేదెవరు?

అపొస్తలుడైన పౌలు ఫిలిప్పీ సంఘానికి రాసిన పత్రిక రెండో అధ్యాయం చివర ఎపఫ్రొదితు అనే విశ్వాసి గురించి ఆరు వచనాలున్నాయి (ఫిలి 2:25–30). అదే అధ్యాయంలో క్రీస్తు తగ్గింపును గూర్చిన గొప్ప వాక్యాలు ఉండటం వల్ల కాబోలు, ఈ ఆరు వచనాల మీద ప్రసంగాలు తక్కువగా వినిపిస్తాయి. ఎపఫ్రొదితు ఊరికి దూరంగా ఉండగా జబ్బుపడి చావు అంచు దాకా వెళ్లాడు. దేవుడు కనికరించాడు, కోలుకున్నాడు. ఒళ్లు బాగుపడినా మనసులో దిగులు మిగిలిపోయింది. తన జబ్బు సంగతి ఊళ్లో అందరికీ తెలిసిపోయిందని ఆయన వ్యాకులపడుతున్నాడు. అలాంటి మనిషిని పౌలు ఇంటికి పంపుతూ ఒక ఉత్తరం కూడా పంపాడు. ఈయన నా సహోదరుడు, నా పనిలో తోడు, నా తోటి యోధుడు, సంతోషంగా చేర్చుకోండి, గౌరవించండి అని ఆ సంఘానికి చెప్పాడు.

'జబ్బు నయమైంది, ఇక ఇంటికి పోవచ్చు' అని చెప్పి పౌలు చేతులు దులుపుకోలేదు. ఇంటికి చేరిన తరువాత ఏం జరగాలో కూడా ఆలోచించాడు. ఈ వారం మనం ధ్యానించవలసినది సరిగ్గా ఆ సంగతే.

మరో విశేషం గమనించండి. ఫిలిప్పీ పట్టణం మాజీ సైనికుల ఊరు. క్రీస్తుకు పూర్వం 42లో అక్కడ జరిగిన యుద్ధం తరువాత రోమా ప్రభుత్వం తన విశ్రాంత సైనికులను ఆ పట్టణంలో స్థిరపరచింది. ఆ ఊరి చెరసాల అధికారి ఒక అర్ధరాత్రి ప్రాణం తీసుకోబోయాడు. ఖైదీలు పారిపోయారనీ, తన పరువు, ఉద్యోగం, బతుకు అన్నీ పోయాయనీ అనుకున్నాడు. అప్పుడు చీకట్లో నుంచి పౌలు కేక వేశాడు. నీకు నీవే హాని చేసుకోవద్దు, మేమందరం ఇక్కడే ఉన్నామన్నాడు (అపొ.కా 16:25–34). ఆ మనిషిని ఆ క్షణంలో ఆపింది పెద్ద బోధ కాదు. 'మేమిక్కడే ఉన్నాం' అన్న ఒక్క మాట!

మెట్టకు తిరిగొచ్చిన జవాను

మన నెల్లూరు జిల్లా పడమటి మెట్టకు వద్దాం. ఉదయగిరి దుర్గం నీడలోని పల్లెల్లోనూ, సోమశిల జలాశయానికి దగ్గరగా ఉన్న ఆత్మకూరు చుట్టుపక్కల ఊళ్లలోనూ 'మిలిటరీ ఆయన' అంటే ఒక గౌరవం. జవానుగా చేరినవాడు సాధారణంగా పదిహేను, పదిహేడేళ్ల సర్వీసు చేసి నలభై ఏళ్లు నిండకముందే పింఛనుతో ఇంటికి వస్తాడు. 2022లో మొదలైన అగ్నిపథ్ పథకం కింద చేరినవారిలో ఎక్కువమందికి నాలుగేళ్లకే సేవ ముగుస్తుంది. వయసు చూస్తే ఇంకా ఎంతో బతుకు ముందుంది. కానీ పొద్దున లేవగానే ఏం చేయాలో చెప్పే దళం లేదు, పక్క మంచం మీద తోటి జవాను లేడు. చిన్నప్పుడు వదిలి వెళ్లిన ఊరు మారిపోయింది. పిల్లలు నాన్నను సెలవుల్లో వచ్చే చుట్టంలాగే ఎరుగుదురు. కొందరికి సరిహద్దుల్లో చూసిన సంగతులు నిద్రలో తిరిగి వస్తాయి. కొందరు నిద్ర కోసం మద్యాన్ని ఆశ్రయిస్తారు.

ఇలాంటి ఒక సోదరుడికి మనసు జబ్బు చేసిందనుకుందాం. ఇంటివాళ్లు ఎలాగో ధైర్యం చేసి నెల్లూరుకో, చెన్నైకో, వేలూరుకో తీసుకెళ్లి ఆస్పత్రిలో చేర్చారు. మూడు వారాలకు కాస్త కుదుటపడ్డాడు. డిశ్చార్జ్ చీటీ, నెలకు సరిపడా మాత్రలు చేతికిచ్చి పంపారు. బస్సు దిగి ఇంటికి వచ్చాడు. అందరూ 'హమ్మయ్య, గండం గడిచింది' అనుకున్నారు.

గండం అక్కడితో గడవలేదని వైద్యులు చెబుతున్నారు.

అసలు ప్రమాదం ఎప్పుడు?

మానసిక చికిత్స కోసం ఆస్పత్రిలో చేరి ఇంటికి వెళ్లినవారి గురించి వివిధ దేశాల్లో జరిగిన 100 అధ్యయనాలను పరిశోధకులు ఒకచోట చేర్చి పరిశీలించారు. ఆ ఫలితాలు 2017లో ఒక ప్రముఖ అమెరికన్ మానసిక వైద్య పత్రికలో వచ్చాయి. మొత్తం మీద చూస్తే ఏడాదికి లక్ష మందిలో 484 మంది చొప్పున ఆత్మహత్యకు పాల్పడినట్లు తేలింది. డిశ్చార్జ్ అయిన మొదటి మూడు నెలల వరకే లెక్కిస్తే ఈ రేటు 1,132కు పెరిగింది. అంటే రెట్టింపు కంటే ఎక్కువ. అమెరికాలో మాజీ సైనికుల మీద జరిగిన పరిశోధనలు కూడా ఆస్పత్రి నుంచి వచ్చిన తొలి పన్నెండు వారాలే అత్యంత జాగ్రత్త అవసరమైన కాలమని తేల్చాయి.

ఎందుకిలా? ఆస్పత్రిలో ఉన్నన్నాళ్లూ వేళకు మాత్ర ఇచ్చే నర్సు ఉంటుంది, పలకరించే డాక్టరు ఉంటాడు. ఇంటికి రాగానే ఆ కాపలా ఒక్కసారిగా తొలగిపోతుంది. ఏ అప్పు, ఏ తగాదా, ఏ ఒంటరితనం మనిషిని కుంగదీసిందో అవి గుమ్మంలోనే ఎదురుచూస్తూ ఉంటాయి. దానికి తోడు 'పిచ్చాసుపత్రికి వెళ్లొచ్చాడు' అనే గుసగుస. శత్రువుకు ఎదురు నిలబడినవాడికి ఆ గుసగుసను తట్టుకోవడం ఇంకా కష్టం.

పైగా దూరం. ఉదయగిరి నుంచి నెల్లూరుకు సుమారు వంద కిలోమీటర్లు, ఆత్మకూరు నుంచి అరవై దాకా. మళ్లీ చూపించుకోవడానికి వెళ్లాలంటే ఒక రోజు కూలి, ఇద్దరికి బస్సు చార్జీలు. మొదటి తడవ వెళ్తారు. రెండో తడవకు 'బాగానే ఉన్నాడు కదా' అని ఆగిపోతారు. మాత్రలు అయిపోతాయి. ఎవరికీ తెలియదు.

ఒక ఉత్తరం ముక్క చేసిన మేలు

జెరోమ్ మోటో అనే మానసిక వైద్యుడు అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉండేవారు. రెండో ప్రపంచ యుద్ధంలో ఆయన కూడా సైనికుడే, ఐరోపాలో సైన్యపు లారీ నడిపాడు. ఇంటికి దూరంగా ఉన్న ఆ రోజుల్లో పరిచయస్తురాలు ఒకామె రాసిన ఉత్తరాలు ఆయనకు ఎంతో ఊరటనిచ్చాయి. ఏమీ ఆశించకుండా, ఏమీ అడగకుండా వచ్చిన ఉత్తరాలవి.

డాక్టరైన తరువాత ఆయన ఆ అనుభవాన్ని పరీక్షించి చూశారు. 1969 నుంచి 1974 వరకు తొమ్మిది మానసిక చికిత్సా కేంద్రాల నుంచి 3,005 మంది రోగులను తీసుకున్నారు. వారిలో 843 మంది డిశ్చార్జ్ తరువాత చికిత్స కొనసాగించడానికి ఒప్పుకోలేదు, లేదా మధ్యలో మానేశారు. వాళ్లను చీటీలు వేసినట్లు రెండు భాగాలు చేశారు. ఒక భాగానికి ఐదేళ్ల పాటు చిన్న చిన్న ఉత్తరాలు పంపారు. మొదటి నాలుగు నెలలు నెలకొకటి, తరువాతి ఎనిమిది నెలలు రెండు నెలలకొకటి, ఆపైన నాలుగేళ్లు మూడు నెలలకొకటి. మొత్తం 24. రెండో భాగానికి ఏమీ పంపలేదు.

ఆ ఉత్తరాల్లో సలహాలు లేవు, హెచ్చరికలు లేవు, 'మాత్రలు వేసుకుంటున్నారా?' అన్న ప్రశ్న కూడా లేదు. మీరు గుర్తున్నారు, క్షేమంగా ఉన్నారని తలుస్తున్నాం, రాయాలనిపిస్తే రాయండి అనే అర్థం వచ్చే రెండు మూడు వాక్యాలు మాత్రమే. జవాబు రాసినవారికి మళ్లీ చేతిరాత లాంటి సొంత జవాబు వెళ్లేది. ఫలితం? ఐదేళ్ల పాటూ ఉత్తరాలు అందినవారిలో ఆత్మహత్యలు తక్కువగా ఉన్నాయి. మొదటి రెండేళ్లలో ఆ తేడా స్పష్టంగా కనిపించింది. ఉత్తరాలు ఆగిపోయాక ఏళ్లు గడిచేకొద్దీ తేడా కూడా క్రమంగా తగ్గిపోయింది. 2001లో ప్రచురించిన ఈ ఫలితాలు వైద్యలోకాన్ని ఆలోచింపజేశాయి.

తరువాత వచ్చిన అధ్యయనాలన్నీ ఒకేలా లేవని కూడా చెప్పాలి. 2019లో వెలువడిన ఒక పరిశోధనలో 658 మంది అమెరికన్ సైనికులకు ఏడాది పొడవునా 11 పలకరింపు సందేశాలు ఫోనుకు పంపారు. ముఖ్యంగా కొలవదలచిన విషయాల్లో పెద్ద తేడా కనిపించలేదు. అయితే ఏడాదిలో ఆత్మహత్యాప్రయత్నం చేసినవారి సంఖ్య మాత్రం సందేశాలు అందినవారిలో తక్కువగా ఉంది. మరో పరిశోధనలో మాజీ సైనికుల ఆస్పత్రుల అత్యవసర విభాగాలకు వచ్చిన 1,640 మందిని గమనించారు. రోగితో కలిసి ఒక భద్రతా ప్రణాళిక రాయించి, ఇంటికి వెళ్లాక ఫోనులో పలకరిస్తూ వచ్చిన చోట ఆరు నెలల్లో ఆత్మహత్యాప్రయత్నాల వంటి ఘటనలు సుమారు 45 శాతం తక్కువగా నమోదయ్యాయి. 2018లో ఇది ప్రచురితమైంది. పలకరింపు మంత్రం కాదు. కానీ చికిత్సకు తోడైన పలకరింపు ప్రాణాలు నిలబెట్టగలదు.

పక్కనే ఉన్న చెన్నై చెప్పిన సాక్ష్యం

'అవన్నీ అమెరికా సంగతులు' అనుకుంటున్నారా? మనకు పొరుగున ఉన్న చెన్నై నగరం ఇంకా పెద్ద సాక్ష్యం చెప్పింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐదు దేశాల్లో ఒక పరిశోధన చేసింది. మన దేశం తరఫున చెన్నైలో ఆ పని నడిపినవారు డాక్టర్ లక్ష్మీ విజయకుమార్. 1986లో చెన్నైలో 'స్నేహ' అనే ఆత్మహత్యల నివారణ సంస్థను స్థాపించింది ఆమే. ఆత్మహత్యాప్రయత్నం చేసి ఆస్పత్రికి వచ్చిన 1,867 మంది ఇందులో పాల్గొన్నారు. సగం మందికి మామూలు చికిత్స జరిగింది. మిగతా సగానికి దానితో పాటు ఒక గంటసేపు విడిగా కూర్చుని విషయాలు వివరించారు. ఆపైన ఏడాదిన్నరలో తొమ్మిదిసార్లు ఫోనులోనో, ఇంటికి వెళ్లో పలకరించారు.

2008లో వచ్చిన ఫలితాలు చూడండి. ఏడాదిన్నర తరువాత మామూలు చికిత్స మాత్రమే పొందినవారిలో 18 మంది ఆత్మహత్యతో మరణించారు. పలకరింపు పొందినవారిలో మరణించినవారు ఇద్దరు! ఖరీదైన యంత్రం లేదు, కొత్త మందు లేదు. శిక్షణ పొందిన ఒక మనిషి చెప్పిన వేళకు తలుపు తట్టడమే.

ఆ తొమ్మిది పలకరింపుల వరుస కూడా గుర్తుపెట్టుకోదగినది: 1, 2, 4, 7, 11 వారాలు, ఆ తరువాత 4, 6, 12, 18 నెలలు. ప్రమాదం ఎక్కువగా ఉన్న తొలి దినాల్లో దగ్గర దగ్గరగా, పోనుపోను దూరం దూరంగా.

సంఘం చేతిలో ఉన్నది

ప్రియ సహోదరీ సహోదరులారా, ఈ పని చేయడానికి మన మెట్టలో ఎవరున్నారు? ప్రభుత్వ వైద్యులున్నారు కానీ వారికి రోగులెక్కువ. అయితే అమెరికన్ బాప్టిస్టు మిషనరీలు 1840లో నెల్లూరులో అడుగుపెట్టి, ఆ శతాబ్దం ముగియకముందే ఉదయగిరి, ఆత్మకూరులలో మిషను కేంద్రాలు తెరిచారు. ఆనాటి నుంచి పల్లె పల్లెకూ నడిచి ఇల్లిల్లూ దర్శించే అలవాటు మన సంఘాలకు ఉంది. స్త్రీల సమాజం ఉంది, ఇంటి కూడికలున్నాయి, ఎవరికి జ్వరమొచ్చినా సాయంత్రానికి పరామర్శకు వెళ్లే పెద్దలున్నారు. కాలు విరిగినవాడింటికి పండ్లు పట్టుకుని వెళతాం. మనసు విరిగి వచ్చినవాడింటికి మాత్రం 'ఇబ్బంది పెట్టడమెందుకు' అని వెళ్లం. ఇబ్బంది అతనిదా, మనదా?

అందుకే చేయదగిన కొన్ని పనులు చెప్పుకుందాం.

మొదటిది, ఇద్దరిని నియమించండి. సంఘమంతా ఒకేసారి వెళితే అది పరామర్శలా ఉండదు, తీర్థంలా ఉంటుంది. నోరు పదిలంగా ఉంచుకోగల ఇద్దరు చాలు. ఆ ఊళ్లో మరో మాజీ సైనికుడుంటే ఆయనను తప్పక కలపండి. బారక్కుల్లో గడిపిన జీవితం తెలిసినవాడితో జవాను మాట్లాడినట్లు ఇంకెవరితోనూ మాట్లాడడు. సోదరుని అనుమతి, ఇంటివారి అనుమతి తీసుకునే వెళ్లండి.

రెండోది, క్యాలెండరులో గుర్తు పెట్టుకోండి. ఇంటికొచ్చిన రెండు మూడు రోజుల్లోనే మొదటి దర్శనం. తరువాత పైన చెప్పిన వరుస. వెళ్లలేని వారం ఫోను. ఫోనెత్తకపోతే ఒక కార్డు ముక్క. 'అన్నా, ఆదివారం మీరు కూర్చునే చోటు చూసి మిమ్మల్ని తలచుకున్నాం. జవాబు రాయాలని లేదు. మళ్లీ బుధవారం ఇటు వస్తాం' అంటే చాలు. చెప్పిన బుధవారం మాత్రం తప్పకుండా వెళ్లాలి. వస్తానని రానివాడి కంటే అసలు చెప్పనివాడే మేలు.

మూడోది, మళ్లీ ఆస్పత్రికి వెళ్లే రోజును సంఘం భారంగా మోయండి. తోడుగా ఒకరు బస్సెక్కండి. చార్జీలకు ఇబ్బంది ఉంటే కానుకల నుంచి తీయండి. నాలుగు పాటల పుస్తకాల ఖరీదు ఒక ప్రాణం కంటే ఎక్కువ కాదు. మాజీ సైనికులకు 2003 నుంచి ఈసీహెచ్ఎస్ వైద్య పథకం ఉంది. ఆ కార్డు ఉందో లేదో, కాగితాలు ఎక్కడ ఆగాయో కనుక్కోవడం కూడా పరిచర్యే.

నాలుగోది, ఇంటిని భద్రపరచండి. పొలం ఉన్న ఇంట్లో పురుగుమందు ఉంటుంది. మాజీ సైనికుడింట్లో లైసెన్సు తుపాకీ ఉండవచ్చు. ఇంటివారితో నెమ్మదిగా మాట్లాడి కొన్ని నెలల పాటు అవి ఇంట్లో లేకుండా చూడండి. మాత్రలు ఇంటివారి దగ్గర ఉంచి, ఏ పూటవి ఆ పూట ఇచ్చేలా చేయండి. ప్రాణం తీసుకోవాలన్న ఉద్రేకం చాలామందిలో కొద్దిసేపటికే తగ్గుతుంది. ఆ కొద్దిసేపూ ప్రమాదకరమైనది చేతికి దొరకకపోతే మనిషి దక్కుతాడు.

ఏమనాలి? ఏమనకూడదు?

'విశ్వాసముంటే మాత్రలెందుకు?' అని దయచేసి ఎవరూ అనవద్దు. ఆ ఒక్క మాట విని మందులు ఆపేసినవారికి జరిగే నష్టానికి మనం దేవుని ఎదుట లెక్క చెప్పాలి. పౌలు పక్కన ఉన్న లూకా వైద్యుడే (కొలొ 4:14). ప్రతి మానసిక వ్యాధినీ దయ్యమని తేల్చి, ఉపవాసాలతో బలహీనుడిని ఇంకా బలహీనపరచవద్దు. ఏలీయా చావు కోరుకుని చెట్టు కింద పడుకున్నప్పుడు దేవదూత ఆయనను గద్దించలేదు. రొట్టె, నీళ్లు పెట్టి నిద్రపోనిచ్చాడు. రెండోసారి కూడా వచ్చి తట్టి లేపి మళ్లీ తినమన్నాడు (1 రాజులు 19:4–8). దూత సైతం రెండుసార్లు వచ్చాడని గమనించారా?

'చచ్చిపోవాలన్న ఆలోచన వస్తోందా అన్నా?' అని సూటిగా అడగడానికి భయపడవద్దు. అలా అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. అడిగినప్పుడే చాలామంది గుండె బరువు దించుకుంటారు. అవునంటే బెదిరిపోకండి, ప్రసంగం చేయకండి. ఒంటరిగా వదలకుండా వైద్యుని దగ్గరకు చేర్చండి. రాత్రయినా పగలైనా 14416 నంబరుకు ఫోను చేస్తే టెలీ మానస్ సేవ తెలుగులోనే మాట్లాడుతుంది. 2022 అక్టోబరు 10న మొదలైన ఈ సేవకు రుసుము లేదు. ప్రాణాపాయం ఉంటే 108కు ఫోను చేయండి.

పోలీసు కేసు భయంతో దాచవలసిన పని కూడా లేదు. ఆత్మహత్యాప్రయత్నం చేసినవారు తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నారనే భావించాలి, శిక్షించకూడదు అని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెప్పింది. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో పాత 309 సెక్షను లేనే లేదు. అదే 2017 చట్టం, డిశ్చార్జ్ చేసే ముందు రోగితోనూ, ఇంటివారితోనూ మాట్లాడి ఇకముందు చికిత్స ఎలా సాగాలో ప్రణాళిక వేయాలని వైద్యులకు చెబుతోంది. కాబట్టి ఆస్పత్రి నుంచి బయలుదేరే ముందు 'మళ్లీ ఎప్పుడు రావాలి? ఏ లక్షణం కనబడితే వెంటనే రావాలి? ఎవరికి ఫోను చేయాలి?' అని అడిగి రాయించుకోవడం మన హక్కు.

చికిత్సలో ఇంటివారి తోడు ఎంత ముఖ్యమో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల ఏనాడో గుర్తించింది. 1957లో మొదలైన అక్కడి మానసిక ఆరోగ్య కేంద్రంలో రోగితో పాటు కుటుంబ సభ్యులు కూడా ఉండే పద్ధతి పెట్టారు. ఇంటివారికి జబ్బు అర్థమైతేనే ఇంటికొచ్చాక మనిషి నిలబడతాడు. భర్తకు కాపలా కాస్తూ నిద్రలేక నలిగిపోతున్న ఆ భార్యను, ఆ తల్లిని కూడా పలకరించడం మరచిపోకండి. ఒక పూట వండి తీసుకెళితే అది కూడా వాక్యపరిచర్యే.

మళ్లీ వస్తానన్నవాడు

మంచి సమరయుని ఉపమానం మనందరికీ కంఠస్థమే. గాయాలకు నూనె, ద్రాక్షారసం పోసి కట్టుకట్టాడు, తన వాహనం మీద ఎక్కించుకుని పూటకూళ్లవాని ఇంటికి చేర్చాడు. మన ధ్యానం సాధారణంగా అక్కడితో ఆగుతుంది. మరునాడు ఆయన చేసినది కూడా యేసుప్రభువు చెప్పాడు. రెండు దేనారములు చేతిలో పెట్టి, ఇంకేమైనా ఖర్చయితే నేను మళ్లీ వచ్చినప్పుడు తీరుస్తానన్నాడు (లూకా 10:35). గాయపడినవాడిని చేర్చడంతో తన బాధ్యత తీరిందనుకోలేదు. మళ్లీ వస్తానన్నాడు.

ఈ ఆదివారం ఆరాధన ముగిసి బయటికొచ్చాక సంఘకాపరులు, పెద్దలు ఒక పది నిమిషాలు కూర్చోండి. మన ఊళ్లో, పక్క ఊళ్లో ఈ మూడు నెలల్లో ఇలా ఆస్పత్రి నుంచి వచ్చినవారెవరు? సైనికుడే కానక్కర్లేదు. రైతు కావచ్చు, పరీక్ష తప్పిన విద్యార్థి కావచ్చు, కాన్పు తరువాత కుంగిపోయిన కోడలు కావచ్చు. మన సంఘస్థులే కానక్కర్లేదు కూడా. సమరయుడు గాయపడినవాడి మతమేమిటని అడగలేదు. ఒక పేరు దొరికితే చాలు. ఎవరు వెళతారో, ఏ రోజు వెళతారో అక్కడే నిర్ణయించుకుని లేవండి.